“సంతోషంగా ఉండమ్మా” అనడం వైద్యం కాదు

గత మాసంలో నా చిరకాల మిత్రుని మనవరాలి సీమంతానికి వెళ్లాను. ఏడవ నెల. పట్టుచీర, జడ నిండా పూలు, మోచేతుల దాకా గాజులు. పెద్ద ముత్తైదువులు ఒక్కొక్కరే వచ్చి, గంధం పూసి, అక్షతలు వేసి, ఇంచుమించు ఒకే మాట చెప్పి వెళుతున్నారు: “సంతోషంగా ఉండాలమ్మా. నువ్వు నవ్వుతూ ఉంటేనే కడుపులో బిడ్డ ఆరోగ్యంగా పెరుగుతుంది.” ఆ అమ్మాయి అందరికీ తల ఊపుతోంది. భోజనాల వేళ నా పక్క కుర్చీలో వచ్చి కూర్చుంది. ఎవరూ వినడం లేదని చూసుకుని నెమ్మదిగా అడిగింది: “తాతగారూ, నాకు మూడు వారాల నుంచి సంతోషమన్నదే లేదు. నవ్వు నటిస్తున్నాను. దీనివల్ల బిడ్డకు ఏమైనా అవుతుందా?”

ఆమె అనుమతితోనే ఈ సంగతి రాస్తున్నాను. ఆమెకు నేనేం చెప్పానో చివర చెబుతాను. అంతకంటే ముందు, ఇటువంటి మాటనే నేను చాలా సంవత్సరాల క్రితం వినిపించుకోకుండా వదిలివేసిన వైనం పాఠకులతో చెప్పుకోవాలి.

1980ల తొలి సంవత్సరాల్లో నేనొక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తున్నాను. వారానికి ఒక రోజు గర్భిణులకు పరీక్షలు. ఆ రోజు బయట వేపచెట్టు నీడన డెబ్బై, ఎనభై మంది కూర్చునేవారు. రిజిస్టరులో గడులు ఉండేవి: బరువు, రక్తపోటు, రక్తహీనత, కాళ్ల వాపు, ధనుర్వాతం ఇంజక్షను. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు దక్కితే గొప్ప. ఒకనాడు ఏడు నెలల గర్భిణి వచ్చి, “నిద్ర పట్టడం లేదు సారూ, గుండె దడగా ఉంటోంది, ఏమీ బాగుండటం లేదు” అన్నది. నాడి చూశాను. గుండె విన్నాను. రక్తపోటు చూశాను. అన్నీ సవ్యంగానే ఉన్నాయి. ఐరన్ మాత్రలు, బి కాంప్లెక్సు రాసి, “నీకేమీ లేదమ్మా, సంతోషంగా ఉండు, బలమైన తిండి తిను” అని చెప్పాను. ఆమె వెంటనే లేవలేదు. మరికొద్ది క్షణాలు అలాగే కూర్చుంది. నేను తరువాతి పేరు పిలిచాను.

ప్రసవమైన అయిదవ వారంలో ఆమె ప్రాణం తీసుకోబోయింది. ఇరుగుపొరుగువారు గమనించి కాపాడి, మా కేంద్రానికే తీసుకువచ్చారు. ప్రాణం దక్కింది. అప్పట్లో ఆత్మహత్యాయత్నం శిక్షార్హమైన నేరం. అందువల్ల నేను చేసిన మొదటి పని చికిత్స అయితే, రెండవది పోలీసు స్టేషనుకు సమాచారం పంపడం. చంటిబిడ్డను చంకనేసుకుని ఆమె తల్లి, స్టేషను చుట్టూ తిరుగుతూ ఆమె భర్త. ఆ సాయంత్రం మా ఏఎన్‌ఎం నాతో అన్నది: “ఆ రోజే మీతో ఏదో చెప్పుకుందామని వచ్చింది సార్. మీరు తల ఎత్తలేదు.”

రిజిస్టరు తీసి చూశాను. ఆమె వరుసలో ఒక్క గడి కూడా ఖాళీగా లేదు. అన్నీ నేనే నింపాను.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ విషయంలో మన దృష్టిని మార్చింది. ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలనీ, శిక్షించకూడదనీ, ఆ మనిషికి సంరక్షణ కల్పించడం ప్రభుత్వ బాధ్యత అనీ అది చెప్పింది. చట్టం మారింది. “సంతోషంగా ఉండమ్మా” అనే మన అలవాటు మాత్రం మారలేదు. ఆసుపత్రిలోనూ అదే మాట, పేరంటంలోనూ అదే మాట. నా వ్యాసమంతా ఈ మాట మీద నా ఫిర్యాదే.

గర్భిణులలో కుంగుబాటు అరుదైన జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం ప్రపంచవ్యాప్తంగా గర్భిణులలో సుమారు 10 శాతం, బాలింతలలో 13 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో, ముఖ్యంగా కుంగుబాటుతో, బాధపడుతున్నారు. వర్ధమాన దేశాలలో ఈ సంఖ్యలు ఇంకా ఎక్కువ: గర్భిణులలో 15.6 శాతం, బాలింతలలో 19.8 శాతం. నేనాడు వేపచెట్టు కింద చూసిన ఎనభై మందిలో పది పన్నెండు మందికి ఈ బాధ ఉండి ఉంటుందన్నమాట. నేను కనిపెట్టినది ఎందరినని అడిగితే, ఒక్కరినీ కాదు.

కనిపెట్టలేకపోవడానికి ఒక కారణం ఉంది. అది సాకు కాదు గాని, తెలుసుకోవలసిన విషయం. కుంగుబాటు లక్షణాలూ గర్భధారణ సహజ లక్షణాలూ ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. నిద్ర సరిగా పట్టకపోవడం, అలసట, తిండి సహించకపోవడం, చీటికి మాటికి కన్నీళ్లు రావడం, మతిమరుపు ఆరోగ్యంగా ఉన్న గర్భిణిలోనూ ఉండవచ్చు. వేవిళ్ల నెలల్లో ఎవరు హుషారుగా ఉంటారు? పైగా మన ఆడవారు “నాకు దిగులుగా ఉంది” అని వైద్యునితో చెప్పరు. “గుండెల్లో బరువుగా ఉంది”, “ఒళ్లంతా మంటలు”, “తలలో ఏదో పాకినట్టుంది”, “నీరసం” అని చెబుతారు. మేము గుండెను, ఒంటిని, తలను పరీక్షించి, ఏమీ లేదని పంపుతాము.

తేడా గుర్తించే మార్గం లేకపోలేదు. సహజమైన అలసట ఉన్న స్త్రీ కాస్త విశ్రాంతి దొరికితే తేరుకుంటుంది. ఇష్టమైన కూర వండిపెడితే నాలుగు ముద్దలు తింటుంది. అక్కచెల్లెళ్లు వస్తే కబుర్లాడుతుంది. బిడ్డ మొదటిసారి కదిలినప్పుడు చెయ్యి పెట్టి చూసుకుంటుంది. కుంగుబాటులో ఈ స్పందన మొద్దుబారుతుంది. ఇష్టమైనవి ఇష్టంగా అనిపించవు. రాత్రి బిడ్డ కదలికల వల్ల మెలకువ రావడం వేరు. తెల్లవారుజామున మూడింటికి లేచి, ‘నేను తల్లిగా పనికిరాను, నా వల్ల అందరికీ కష్టమే’ అనుకుంటూ చూరు చూస్తూ పడుకోవడం వేరు. అలసటలో నిస్సత్తువ ఉంటుంది గాని, తన మీద తనకు అసహ్యం ఉండదు. ఇటువంటి స్థితి రోజులో ఎక్కువ భాగం, రెండు వారాలకు పైబడి కొనసాగితే దానిని ‘మామూలే’ అని కొట్టివేయరాదు.

రెండే రెండు ప్రశ్నలతో మొదలుపెట్టవచ్చు. గడచిన నెల రోజుల్లో తరచుగా మనసు కుంగిపోయినట్టు, ఆశ లేనట్టు అనిపించిందా? ఏ పని మీదా ఆసక్తి, దేనిలోనూ ఆనందం లేకుండా పోయాయా? ఇంగ్లండులో గర్భిణి మొదటిసారి పరీక్షకు వచ్చినప్పుడే ఈ రెండూ అడగాలన్న మార్గదర్శకాలు ఉన్నాయి. ఏ ఒక్కదానికైనా ‘అవును’ అన్నారంటే జబ్బు ఖాయమైనట్టు కాదు, ఇంకా వివరంగా మాట్లాడాలని అర్థం. అటువంటి వివరమైన పరిశీలనకు 1987లో స్కాట్లండులో తయారైన పది ప్రశ్నల ‘ఎడిన్‌బరో’ ప్రశ్నావళి ఉంది. బాలింతల కోసం రూపొందించినా, దానిని గర్భిణులకూ వాడుతున్నారు. చాలా భాషలలోకి వెళ్లింది. నింపడానికి అయిదు నిమిషాలు చాలు. అందులోని పదవ ప్రశ్న తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన గురించినది. ఆ ప్రశ్న అడిగితే లేని ఆలోచన కొత్తగా పుడుతుందని చాలామంది, వైద్యులు కూడా, భయపడతారు. పుట్టదు. ‘అమ్మయ్య, ఒకరు అడిగారు’ అన్న ఊరటే ఎక్కువసార్లు కనబడుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. మనసు గురించి మాట్లాడుతున్నామని ఒంటిని మరచిపోకూడదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశ గర్భిణులలో 52.2 శాతం మందికి రక్తహీనత ఉంది. హిమోగ్లోబిన్ 11 గ్రాముల కంటే తగ్గితే అది రక్తహీనతే. బాగా తగ్గితే నీరసం, చిరాకు, దేని మీదా మనసు నిలవకపోవడం వస్తాయి. థైరాయిడ్ మందగించినా అచ్చం కుంగుబాటులాగే ఉంటుంది. బి12 లోపం శాకాహారులలో ఎక్కువగా చూస్తాము, అదీ మనసు మీద ప్రభావం చూపుతుంది. ఇవి చవకైన పరీక్షలతో తేలేవి, మందులతో సరిదిద్దగలిగేవి. వీటిని చూడకుండా కౌన్సెలింగుకు పంపడం ఎంత తప్పో, ఇవి సరిచేసి చేతులు దులుపుకోవడమూ అంతే తప్పు.

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్న దగ్గరకు వద్దాము. తల్లి దిగులు బిడ్డకు తగులుతుందా? మన ఇళ్లలో దీనికి ఉదాహరణలుగా అభిమన్యుడు, ప్రహ్లాదుడు సిద్ధంగా ఉంటారు. కడుపులో ఉండగానే వారు అన్నీ విన్నారు కాబట్టి, నువ్వు ఏడిస్తే నీ బిడ్డా వింటుంది అంటారు. ప్రహ్లాదుని కథలో శిశువు ఏం విన్నాడో అందరికీ జ్ఞాపకం. తల్లి ఏ స్థితిలో ఉన్నదో ఎవరికీ జ్ఞాపకం లేదు. హిరణ్యకశిపుడు తపస్సుకు వెళ్లిన సమయంలో ఇంద్రుడు ఆ గర్భవతిని పట్టుకుపోతుంటే, ఆమె భయంతో విలపించింది. నారదుడు అడ్డుపడి విడిపించి, తన ఆశ్రమంలో ఆశ్రయమిచ్చాడు. భర్త తిరిగి వచ్చేదాకా ఆమె అక్కడ నిర్భయంగా ఉన్నది. ఉపదేశం ఆ తరువాతి మాట. ముందు ఆమెకు రక్షణ దొరికింది. “ఏడవకమ్మా, బిడ్డకు మంచిది కాదు” అని నారదుడు ఆమెను దారిలోనే వదిలి వెళ్లలేదు.

వైద్యశాస్త్రం చెప్పేది కూడా వివరంగా చెప్పాలి. దాచితే మోసం, పెంచితే భయం. అప్పుడప్పుడు వచ్చే కన్నీళ్లు, అత్తాకోడళ్ల మాటపట్టింపులు, ఆఫీసులో ఒక చెడ్డ రోజు, వీటివల్ల బిడ్డకు ఏమీ కాదు. ఒక రోజు ఏడ్చినందుకు కడుపు పోదు. తొలి మూడు నెలల్లో జరిగే గర్భస్రావాలలో సుమారు సగం పిండంలోని క్రోమోజోముల లోపాల వల్ల జరుగుతాయి. తల్లి ఆలోచనలతో వాటికి సంబంధం లేదు. అయితే తీవ్రమైన కుంగుబాటు నెలల తరబడి చికిత్స లేకుండా సాగినప్పుడు, నెలలు నిండకుండా ప్రసవం కావడం, బిడ్డ తక్కువ బరువుతో పుట్టడం కొంత ఎక్కువగా కనిపిస్తాయని అధ్యయనాలు చూపాయి. ఆ స్థితిలో తల్లి సరిగా తినదు, నిద్రపోదు, పరీక్షలకు రాదు, మందులు వేసుకోదు. దీని నుంచి మనం గ్రహించవలసింది చికిత్స అవసరమని. తల్లిని నిందించడానికి ఇందులో ఏమీ లేదు. మధుమేహం వచ్చిన గర్భిణిని “నీ చక్కెరను నువ్వే తగ్గించుకో, బిడ్డ కోసం” అని మందు లేకుండా ఇంటికి పంపుతామా?

ఈ నిందాభావం గర్భం రాకముందే మొదలవుతుంది. పెళ్లయి ఆరు నెలలు కాకుండానే “ఏమైనా విశేషమా?” అన్న ప్రశ్న వస్తుంది. అడిగేవారికి అది కుశలప్రశ్న. ప్రతి నెలా నెలసరి రాగానే స్నానాలగదిలో కన్నీళ్లు పెట్టుకుంటున్న స్త్రీకి అది కత్తి. పరీక్షల మీద పరీక్షలు, అండం విడుదలయ్యే రోజులు లెక్కపెట్టుకుని జరిపే కాపురం, ఐవీఎఫ్ కోసం తెచ్చిన అప్పు, ఆ మీదట “నువ్వు టెన్షన్ పడుతున్నావు, అందుకే రావడం లేదు” అనే ఉచిత సలహా. ఒత్తిడి వల్లే గర్భం రావడం లేదని చెప్పడానికి బలమైన ఆధారం లేదు. గర్భం రాకపోవడం వల్ల ఒత్తిడి కలుగుతుందని చెప్పడానికి ఆధారం అక్కరలేదు, ఆ ఇంటికి వెళ్లి చూస్తే చాలు. కలిసి కాపురం చేసే వంద జంటలలో ఎనభైకి పైగా ఏడాదిలోపు గర్భం వస్తుంది. కనుక సాధారణంగా ఏడాది వరకు, స్త్రీకి 35 ఏళ్లు దాటితే ఆరు నెలల వరకు ఆగి, అప్పటికీ రాకపోతే ఇద్దరూ కలిసి వైద్యుని వద్దకు వెళ్లాలి. ‘ఇద్దరూ’ అన్న మాటను దయచేసి మళ్లీ చదవండి. వీర్యపరీక్ష అన్నిటికంటే సులువైనది, నొప్పి లేనిది. అయినా భార్యకు మూడు స్కానింగులు అయిన తరువాత గాని భర్త ఆ పరీక్షకు ఒప్పుకోడు. నేను ఎరిగిన కుటుంబాలలో చాలావాటిలో ఇదే క్రమం.

మందుల గురించి నా వద్దకు వచ్చే సందేహాలు ఎక్కువ కనుక ఇక్కడ కొంచెం ఆగుతాను. ముందే కుంగుబాటుకో ఆందోళనకో మందులు వాడుతున్న స్త్రీ, పరీక్షలో రెండు గీతలు కనబడిన మర్నాడే భయపడి అన్నీ మానివేస్తుంది. తల్లి, అత్త, కొన్నిసార్లు మందుల దుకాణం అతను కూడా అదే సలహా ఇస్తారు. ఇది ప్రమాదకరం. ఒక్కసారిగా మానితే తలతిరుగుడు, నిద్రలేమి, అలజడి వస్తాయి. ఇంతకు ముందు జబ్బు తీవ్రంగా వచ్చినవారిలో అది తిరగబెట్టే అవకాశం ఎక్కువ. గర్భిణులలో ఎంతోకాలంగా వాడుతున్న, వైద్యులకు బాగా అనుభవమున్న మందులు ఉన్నాయి. సెర్ట్రలిన్ అటువంటిది. అవసరమున్న చోట, సరైన మోతాదులో, మానసిక వైద్యుడు, ప్రసూతి వైద్యురాలు కలిసి నిర్ణయించి కొనసాగిస్తారు. స్వల్పమైన కుంగుబాటుకు మందు లేకుండా మాటలతో చేసే చికిత్సే ముందు ప్రయత్నిస్తారు.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన మందూ ఉంది. మూర్ఛకు, మనోద్వేగాల జబ్బుకు వాడే వాల్‌ప్రోయేట్ గర్భంలో పడితే, పదిమంది శిశువులలో ఒకరికి వెన్నుపాము లోపం వంటి పెద్ద అవకరాలు వస్తాయి. పుట్టిన బిడ్డల మానసిక ఎదుగుదల కూడా దెబ్బతినవచ్చు. అందుకే పిల్లలు కావాలనుకునే స్త్రీ ఏ మందు వాడుతున్నా, గర్భం వచ్చాక పరుగెత్తడం కంటే కొన్ని నెలల ముందే వైద్యుని సంప్రదించాలి. వాల్‌ప్రోయేట్ వాడుతున్నవారు కూడా తమంతట తాము మానకూడదు, మూర్ఛ విరుచుకుపడుతుంది. వైద్యుడే మారుస్తాడు. ఆ సందర్శనలోనే ఫోలిక్ యాసిడ్ మొదలవుతుంది. సాధారణంగా రోజుకు 400 మైక్రోగ్రాములు, గర్భం రాకముందు నుంచే. మూర్ఛ మందులు వాడేవారికి ఎక్కువ మోతాదు కావాలి. నిద్ర కోసం చీటీ లేకుండా అల్ప్రాజొలామ్ కొని మింగే అలవాటును మాత్రం ఈ సమయంలోనే కాదు, ఏ సమయంలోనూ నేను సమర్థించను.

“మన ఊళ్లలో మానసిక వైద్యులు ఎక్కడున్నారండీ?” అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. పైగా మనకు ఎర్రగడ్డ అన్నా, విశాఖలో చినవాల్తేరు అన్నా అవి వైద్యాలయాలుగా గుర్తురావు, వెక్కిరింతగా గుర్తొస్తాయి. సినిమాలు చేసిన ఉపకారమిది. కానీ ఈ చికిత్సలో పెద్ద భాగం మానసిక వైద్యులు లేకుండానే జరగవచ్చని నిరూపించిన పని ఒకటి ఉంది. పాకిస్తాన్‌లోని రావల్పిండి పల్లెల్లో, మన ఆశా కార్యకర్తల వంటి ‘లేడీ హెల్త్ వర్కర్ల’కు శిక్షణ ఇచ్చారు. కుంగుబాటు ఉన్న గర్భిణుల ఇళ్లకు వారు చివరి నెలలో వారానికోసారి, ప్రసవమైన నెలలో మూడుసార్లు, ఆ తరువాత నెలకొకసారి వెళ్లారు. మొత్తం పదహారు సందర్శనలు. తల్లి ఆరోగ్యం, బిడ్డతో అనుబంధం, ఇంట్లోవారితో సంబంధాలు, ఈ మూడింటి గురించి ఆమె మనసులో మెదిలే నిరాశాపూరితమైన ఆలోచనలను గుర్తించి, వాటి స్థానంలో చేయదగిన చిన్న పనులను సాధన చేయించారు. ఇంటి పెద్దలనూ కలుపుకున్నారు. బిడ్డకు ఆరు నెలలు వచ్చేసరికి, మామూలు సందర్శనలు మాత్రమే పొందిన తల్లులలో 53 శాతం మంది ఇంకా కుంగుబాటులో ఉండగా, ఈ తరహా సాయం పొందినవారిలో అది 23 శాతమే. 2008లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తరువాత ఆ పద్ధతిని తన కరదీపికగా స్వీకరించింది. మన గోవాలో తోటి తల్లులనే శిక్షణ ఇచ్చి పంపి కూడా చూశారు.

మన రెండు తెలుగు రాష్ట్రాలలో ప్రతి పల్లెలో ఆశా ఉంది, అంగన్‌వాడీ ఉంది. ప్రతి నెల 9వ తేదీన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులకు ఉచిత పరీక్షలు 2016 నుంచి జరుగుతున్నాయి. ఆ రోజు ఆ రెండు ప్రశ్నలు అడగడానికి కొత్త భవనం అక్కరలేదు, కొత్త యంత్రం అక్కరలేదు. కేరళ ప్రభుత్వం ‘అమ్మ మనసు’ పేరుతో తల్లుల మానసిక ఆరోగ్యాన్ని మాతా శిశు సేవలలోనే కలిపింది. మనకెందుకు కాదు? అయితే ఒక్క మాట. ఇప్పటికే పది రిజిస్టర్లు మోస్తున్న ఆశా కార్యకర్తకు శిక్షణ, సమయం, వేతనం ఇవ్వకుండా ఇంకొక గడి నింపమని కాగితం ఇస్తే, ఆమె నింపుతుంది. నేను నింపినట్టే.

ప్రైవేటు ఆసుపత్రుల పరిస్థితి ఇంతకంటే మెరుగు అనుకోకండి. బిడ్డ ముఖాన్ని త్రీడీ స్కానింగులో చూపిస్తారు. తల్లి ముఖాన్ని చూసే తీరిక తక్కువ.

ఇంట్లో చేయగలిగినవాటి గురించి నా అభిప్రాయం క్లుప్తంగా చెబుతాను. యోగా, సంగీతం, నడక అన్నీ మంచివే. వైద్యులు వద్దనకపోతే రోజుకు అరగంట నడక నిద్రకూ మనసుకూ మేలు చేస్తుంది. రాత్రి పది దాటాక ఫోను పక్కన పెట్టి, ప్రసవంలో ఎవరికేమైందన్న వీడియోలు చూడటం మానితే సగం భయాలు రావు. కానీ ‘చేయవలసిన పనుల’ జాబితా ఇచ్చి అది చేయలేదని కోప్పడితే మళ్లీ మొదటికే వస్తాము. కుంగుబాటులో ఉన్న మనిషికి చెప్పులు తొడుక్కోవడమే కొండ ఎక్కినట్టు ఉంటుంది. “నడు” అనడం కంటే “పద, నేనూ వస్తాను” అనడం మేలు.

భర్తలకు ఒక మాట. మొదటి కాన్పు పుట్టింటివారిది అన్న ఆచారం మీకు సెలవు మంజూరు చేయలేదు. ఏడవ నెలలో పుట్టింటికి పంపి, ఆదివారం సాయంత్రాలు పళ్లు తీసుకుని వెళ్లి రావడంతో బాధ్యత తీరదు. పరీక్షలకు వెంట వెళ్లండి. ఆమె చెప్పేదానికి వెంటనే పరిష్కారం చెప్పకండి, ముందు పూర్తిగా వినండి. ఖర్చులకు ఏ ఏర్పాటు చేశారో అడగకముందే చెప్పండి, డబ్బు భయం నిద్రను తినేస్తుంది. మగపిల్లవాడే పుట్టాలన్న మాట ఎవరి నోటి నుంచి వచ్చినా, ఆడా మగా అన్నది నిర్ణయించే క్రోమోజోము తండ్రి నుంచే వస్తుందని మీరే చెప్పండి. ఆ మాట ఆమె చేత చెప్పించకండి. మీకే మనసు బాగా లేకపోతే, కాబోయే తండ్రులకూ ఇది వస్తుంది, మీరూ చూపించుకోండి, మద్యంతో మాత్రం సర్దుకోకండి. ఇంట్లో దెబ్బలు, దూషణలు ఉన్నచోట ఏ కౌన్సెలింగూ పనిచేయదు. అటువంటి స్త్రీ 181 నంబరుకు ఫోను చేయవచ్చు. వైద్యులు కూడా గర్భిణితో ఒక్క అయిదు నిమిషాలైనా భర్త, అత్త పక్కన లేకుండా మాట్లాడాలి.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండే మన అమ్మాయిలకు డబ్బు, ఆసుపత్రి సౌకర్యం ఉంటాయి, మనిషి తోడు ఉండదు. అక్కడి నర్సు ప్రశ్నల కాగితం ఇస్తే, అన్నిటికీ ‘బాగున్నాను’ అని నింపి వస్తామని ఇద్దరు ముగ్గురు నాతోనే చెప్పారు. తల్లులారా, వీసా వచ్చి మీరు వెళ్లేదాకా ఆ కాగితం మీద నిజం రాయమని మీ కూతుళ్లకు చెప్పండి.

ప్రసవం తరువాత సంగతులు వేరే వ్యాసం కావాలి. ఇక్కడ ముఖ్యమైనంత వరకు: మూడవ నుంచి అయిదవ రోజు మధ్య మొదలయ్యే ఏడుపు, చిరాకు చాలామందిలో సహజం. రెండు వారాల్లో తగ్గుతుంది. తగ్గకపోతే చూపించాలి. వెయ్యి ప్రసవాలలో ఒకరిద్దరికి మాత్రం తొలి వారాల్లోనే హఠాత్తుగా మతి చలించినట్టవుతుంది. నిద్రే ఉండదు, లేని మాటలు వినబడతాయి, బిడ్డ గురించి వింత అనుమానాలు వస్తాయి. దానిని గాలి, ధూళి అని తాయెత్తు కట్టించి ఒక్క రోజు కూడా పోగొట్టకండి. అది అత్యవసర పరిస్థితి, అదే రోజు ఆసుపత్రికి చేర్చాలి. చికిత్సకు బాగా లొంగే జబ్బు కూడా. బెంగుళూరు నిమ్హాన్స్‌లో తల్లినీ బిడ్డనూ విడదీయకుండా కలిపి చేర్చుకునే వార్డు 2009 నుంచి ఉంది.

చనిపోవాలన్న ఆలోచన ఉన్నట్టు గర్భిణి గాని, బాలింత గాని అంటే, అది బెదిరింపని కొట్టివేయకండి. ఒంటరిగా వదలకండి, 108కి ఫోను చేయండి. అంత అత్యవసరం కాకపోయినా ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 14416 ఉంది. టెలీ మానస్ అనే ఈ ప్రభుత్వ సేవ 2022 అక్టోబరులో మొదలైంది. ఉచితం, రేయింబవళ్లూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. పేరు చెప్పవలసిన నిర్బంధం లేదు.

సీమంతంలో ఆ అమ్మాయికి నేను చెప్పింది ఇంతే: “నీ నవ్వు లేకపోవడం వల్ల బిడ్డకు ఏమీ కాలేదమ్మా. నువ్వు మూడు వారాలుగా బాధపడుతున్నావు, అది చూడవలసిన విషయం.” ఆ రెండు ప్రశ్నలూ, మూడవదీ అడిగాను. ప్రాణం మీద విరక్తి లేదన్నది. రెండేళ్ల క్రితం ఒకసారి కడుపు పోయిందని, ఈసారీ అలాగే అవుతుందేమోనన్న భయంతో ఇంతవరకు బిడ్డకు ఒక్క గుడ్డ కూడా కొనలేదని చెప్పింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదట. సీమంతానికి అంత సంబరపడుతున్నవారితో ఎలా చెప్పడమని.

మరుసటి వారం ఆమె ప్రసూతి వైద్యురాలి వద్దకు వెళ్లింది. థైరాయిడ్ కొంచెం తేడాగా ఉంటే మందు మోతాదు సరిచేశారు. జిల్లా ఆసుపత్రిలోని మానసిక వైద్యురాలు ప్రస్తుతానికి మందు అవసరం లేదని, వారానికోసారి వచ్చి మాట్లాడమని చెప్పారు. రెండుసార్లు అయింది. నిద్ర కాస్త మెరుగైందట, తెల్లవారుజాము భయాలు ఇంకా ఉన్నాయట. రాబోయే గురువారం భర్త సెలవు పెట్టి తనతో వస్తున్నాడు. పోయిన బిడ్డ గురించి ఇద్దరూ కలిసి మాట్లాడటం అదే మొదటిసారి అవుతుంది.

ఆమె నానమ్మ నాకు ఫోను చేసి, “నవ్వుతూ ఉండమని చెప్పడం కూడా తప్పేనా అన్నయ్యగారూ?” అని నిష్ఠూరంగా అడిగింది. తప్పు కాదమ్మా, ఆ మాటతో ఆపేయకుండా ఆ పిల్ల పక్కన కాసేపు కూర్చో అన్నాను. మర్నాడు పెరట్లో మల్లెపూలు కోయడానికి మనవరాలిని వెంట తీసుకువెళ్లిందట. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.